తొట్టి నిండా మేత, పిల్ల కడుపు ఖాళీ: ఒక నీలకంఠ రొయ్య హేచరీ కేసు

నెల్లూరు తీరంలో గుడ్ల నుంచి రొయ్య పిల్లలు తీసే ఒక హేచరీ కేసు ఇది. ఒకప్పుడు టైగర్, తర్వాత వనామి అనే సముద్రపు రొయ్యల సీడ్ (చెరువుల్లో వదిలే పిల్లలు) చేసిన యూనిట్. యజమాని ఈమధ్య నీలకంఠం వైపు, అంటే స్కాంపి అనే మంచినీటి రొయ్య వైపు మళ్లారు. నన్ను పిలిచేసరికి వరసగా రెండు బ్యాచ్‌లు పోయాయి, మూడోది పద్నాలుగో రోజులో ఉంది. ఫిర్యాదు ఒక్కటే. ఐదో స్టేజ్ దాకా లార్వా (గుడ్డులోంచి వచ్చిన తొలిదశ పిల్ల) బ్రహ్మాండంగా వస్తుంది, అక్కణ్ణుంచి ముందుకు కదలదు. ఒక్కసారిగా కుప్పకూలడమూ లేదు. రోజూ అడుగు చెత్త లాగేసే సైఫన్‌లో కాస్త కాస్త పోతూ, మూడు వారాలు దాటేసరికి తొట్లో పదోవంతు కూడా మిగలదు.

"రోగమే సార్, మందు చెప్పండి చాలు" అన్నారు యజమాని. అప్పటికే ఊళ్లో మందుల షాపు వాళ్లు రెండు రకాలు రాసిచ్చారట. ఆ డబ్బాలు మూత తీయకుండా పక్కన పెట్టించాను. హేచరీలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్‌లు నిషేధమన్నది ఒక కారణం. అసలు కారణం వేరే: ఏం జరుగుతోందో తెలియకుండా మందు వేస్తే లార్వా బతికినా చచ్చినా మనకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

తొట్ల సంగతి ముందు చెప్తాను. ఒక్కోటి 5 టన్నుల సిమెంటు తొట్టి, దీర్ఘచతురస్రం, అడుగు చదును. లీటరుకు 60 చొప్పున వేశారు, అంటే తొట్టికి మూడు లక్షల లార్వా. సెలైనిటీ, అంటే నీటి ఉప్పదనం, 12 పీపీటీ (లీటరుకు సుమారు 12 గ్రాములు). నీటి వేడి పగలు 30 డిగ్రీలు, తెల్లవారుజామున 28. ఈ అంకెల్లో వంక పెట్టడానికి లేదు. తల్లులు పశ్చిమ గోదావరి చెరువుల నుంచి వచ్చినవి. గుడ్లు బూడిద రంగుకు తిరిగాకే పొదుగు తొట్లో వేశారు. మొదటి వారం అంతా సాఫీగా నడిచిందంటే తల్లుల మీద, నీటి మీద నా అనుమానం అక్కడికే సగం తీరిపోయింది.

అసలు ఉప్పునీటి సంగతే 1960ల మొదట్లో గానీ తేలలేదు. మలేసియాలోని పెనాంగ్‌లో ఎఫ్.ఎ.ఒ. (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) తరఫున పనిచేస్తున్న షావ్-వెన్ లింగ్ మంచినీటి రొయ్య లార్వాలను మంచినీటిలో బతికించలేక తల పట్టుకున్నారు. ఉప్పు కలిసిన నీళ్లలోకి మార్చాక అవి నిలిచాయి. హవాయిలో తకుజి ఫుజిమురా ఆ పద్ధతిని పెద్ద ఎత్తున సీడ్ తీసే స్థాయికి తెచ్చారు. మన దగ్గర 90ల మధ్యలో తెల్లమచ్చ రోగం టైగర్‌ను తుడిచిపెట్టాక నెల్లూరు, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు నీలకంఠానికి తిరిగారు. 2005 ప్రాంతంలో అది తారస్థాయికి చేరింది. తర్వాత నాసిరకం సీడ్, తోక తెల్లబడే వైరస్, 2009లో అనుమతి వచ్చిన వనామి కలిసి దాన్ని పక్కకు నెట్టేశాయి. ఇప్పుడు మళ్లీ అడుగుతున్నారు. అడుగుతున్నవాళ్లకు సీడ్ ఇవ్వాల్సిన కుర్రాళ్లు మాత్రం వనామి చేతులతో నీలకంఠం చేస్తున్నారు. ఈ కేసుకు మూలం అందులోనే ఉంది.

వనామి పిల్ల గుడ్డు పగలగానే నాప్లియస్ అనే దశలో ఉంటుంది, తర్వాత జోయియా, ఆ తర్వాత మైసిస్. జోయియాలో దాని తిండి కీటోసెరాస్ లాంటి నాచు. నీళ్లలో నాచు ఉంటే చాలు, వడగట్టుకుంటూ తింటుంది. అందుకే వనామి టెక్నీషియన్ నీటి రంగు చూసి "మేత ఉంది" అని తృప్తిపడి వెళ్లిపోతాడు. నీలకంఠం పిల్ల పుట్టడమే జోయియాగా పుడుతుంది. పదకొండు స్టేజ్‌లు దాటాక పీఎల్ (పోస్ట్ లార్వా, రొయ్య ఆకారం వచ్చిన పిల్ల) అవుతుంది. నాచును వడగట్టుకోవడం దానికి రాదు. రెండో రోజు నుంచీ అది మాంసాహారే. తోక పైకి, తల కిందికి పెట్టి వెల్లకిలా వెనక్కి ఈదుతుంది. మేత కోసం వెతుక్కుంటూ పోదు, తరమదు. ఈతలో కాళ్లకు తగిలినదాన్ని పట్టుకుంటుంది, నచ్చితే తింటుంది. బంతిలో కూర్చున్న పెళ్లివారి లాంటిది, విస్తరి ముందుకు వడ్డన రావాలే గానీ లేచి వంటింట్లోకి పోదు. కాబట్టి తొట్లో మేత ఎంత వేశామన్నది సగం లెక్క. లార్వా ఉన్న చోట, లార్వా ఉన్న లోతులో అది తిరుగుతోందా అన్నది మిగతా సగం.

రికార్డు పుస్తకం తెచ్చిచ్చారు. ఉష్ణోగ్రత, సెలైనిటీ, పీహెచ్ వరసగా రాసి ఉన్నాయి. మేత గడిలో ప్రతి రోజూ "ఓకే". ఎంత వేశారో ఉంది, ఎంత తిన్నాయో లేదు. ఏ స్టేజ్‌లో ఉన్నాయో కూడా "ఐదు" అని ఒకే అంకె, మూడు రోజులుగా.

ఒక తొట్టి నుంచి ఇరవై లార్వాలు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాం. స్టేజ్ చెప్పడం అలవాటైతే కష్టమేం కాదు. ముక్కు మీద రెండు పళ్లొస్తే నాలుగు. తోక పలక సన్నగా పొడుగ్గా సాగితే ఐదు. పొట్ట కింద ఈత కాళ్ల మొగ్గలు కనబడితే ఆరు. ఆ కాళ్లు రెండుగా చీలి, వెంట్రుకలు లేకుండా నున్నగా ఉంటే ఏడు. వెంట్రుకలొస్తే ఎనిమిది. మా ఇరవైలో పన్నెండు ఐదులో, ఆరు ఆరులో, రెండు ఏడులో ఉన్నాయి. సగటు కడితే 5.5. దీన్నే లార్వల్ స్టేజ్ ఇండెక్స్ అంటారు, రోజూ రాయాల్సిన అంకె ఇదొక్కటే ఉన్నా ఫరవాలేదని నా అభిప్రాయం. పద్నాలుగో రోజుకు ఏడు, ఎనిమిది మధ్యలో ఉండాలి. అంటే వారం వెనకబడ్డాయి.

అదే పళ్లెంలో కడుపులు చూశాం. బతికున్న లార్వా గాజులా ఉంటుంది కాబట్టి తిన్నది బయటికే కనబడుతుంది. ఆర్టీమియా (బతికుండగానే మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి) తింటే పేగు నారింజ రంగు, కస్టర్డ్ (గుడ్లు కలిపి ఉడికించిన మేత) తింటే లేత పసుపు. అప్పుడు ఉదయం పదకొండు, కస్టర్డ్ వేసి అరగంట అయింది. ఇరవైలో పదమూడింటి పేగు ఖాళీ. నాలుగింట్లో సన్నటి గీతలా ఏదో ఉంది. మూడు మాత్రమే నిండుగా ఉన్నాయి. ఆ మూడింట్లో రెండు ఏడో స్టేజ్‌వే.

టెక్నీషియన్ కుర్రాడు నమ్మలేదు. "పొద్దున్నుంచి మూడుసార్లు వేశాం సార్. తొట్లో చూడండి, ఎంత మేతుందో." అతను చెప్పిందీ నిజమే. అడుగున పసుపు మేట వేసి ఉంది.

రోగాల సంగతి కూడా ఒకసారి తేల్చుకోవాలి కదా. ఈ వయసులో, అంటే ఆరు ఏడు స్టేజ్‌ల దగ్గర, స్కాంపికి మిడ్ సైకిల్ డిసీజ్ అని ఒకటి వస్తుంది. లార్వా నీరసించి, గుండ్రంగా తిరుగుతూ మునిగిపోతుంది, ఒళ్లు నీలి బూడిద రంగుకు మారుతుంది, తిండి మానేస్తుంది. యజమాని భయం అదే. కానీ మా పళ్లెంలో లార్వాలు చురుగ్గానే వెనక్కి ఈదుతున్నాయి, రంగు మారలేదు. అన్నిటికన్నా ముఖ్యం: నాలుగైదు లార్వాలను ఒక బీకరులో వేసి, అప్పుడే పొదిగిన ఆర్టీమియా వదిలితే క్షణాల్లో పట్టుకుని తినడం మొదలుపెట్టాయి. రోగంతో తిండి మానేసిన పిల్ల అలా తినదు. ఇది ఆకలి. తోక తెల్లబడే రోగమైతే ఎక్కువగా పీఎల్‌లలో బయటపడుతుంది, దాని జోలికి అప్పుడు పోలేదు. క్లోరిన్ మిగిలిందేమోనని ఓటీ చుక్కలు వేసి చూశాం, పసుపు రాలేదు. అమ్మోనియా మాత్రం మొత్తం 1.5 పీపీఎం (లీటరుకు 1.5 మిల్లీగ్రాములు) దగ్గరుంది, పీహెచ్ 8.3. ఆ పీహెచ్‌లో అందులో సుమారు 12 శాతం విషపు రూపంలో ఉంటుంది. అదే 7.8 అయితే 4 శాతమే. మంచి అంకె కాదు. ఇంత తక్కువ జనాభాకు అంత అమ్మోనియా లార్వా నుంచి రాదు, తినకుండా కుళ్లే మేత నుంచి వస్తుంది. అంటే ఇదీ అదే దారి చూపిస్తోంది.

ఇక మేత ఎక్కడ పోతోందో చూడాలి. మధ్యాహ్నం కస్టర్డ్ వేసే టైముకి తొట్టి పక్కనే నిలబడ్డాను. కుర్రాడు మగ్గుతో కస్టర్డ్ నీళ్లు చల్లే ముందు ఇంకొకడొచ్చి గాలి వాల్వు సగానికి పైగా కట్టేశాడు. ఎందుకని అడిగితే, "నురగ సార్. గాలి పెడితే పైనంతా నురగ కట్టి పిల్ల అందులో ఇరుక్కుంటోంది."

అక్కడ నాకు దారం దొరికింది. మూడు బీకర్లు తెప్పించి, మేత వేసిన ఐదు నిమిషాలకు పైనుంచి ఒకటి, నడుమ నుంచి ఒకటి, అడుగు నుంచి ట్యూబుతో ఒకటి నీళ్లు తీశాం. పై బీకరులో లార్వా ఉంది, మేత లేదు, నీళ్లు మాత్రం పాలవిరుగుడులా మసకగా ఉన్నాయి. నడుమ బీకరులోనూ దాదాపు అంతే. అడుగు బీకరు నిండా కస్టర్డ్ పలుకులు, లార్వా ఒకటో రెండో. మాటల్లో గంటసేపు చెప్పాల్సింది ఆ మూడు బీకర్లు బల్ల మీద పెడితే యజమానికి నిమిషంలో అర్థమైంది.

సరే, నురగ ఎందుకొస్తోంది? కస్టర్డ్ చేసే గదికి వెళ్లాం. కోడిగుడ్లు, స్క్విడ్ మాంసం, పాలపొడి, కార్న్‌ఫ్లోర్, కాస్త కాడ్‌లివర్ ఆయిల్, విటమిన్లు కలిపి రుబ్బి, ఆవిరి మీద గట్టిపడేదాకా ఉడికిస్తున్నారు. ముద్ద బాగుంది, వేలితో నొక్కితే సాగకుండా విరిగింది. తప్పు ఆ తర్వాతి పనిలో ఉంది. ముద్దను ఒకే జల్లెడ మీద రుద్ది, కిందికి దిగినదంతా నీళ్లతో సహా బకెట్లో పట్టి నేరుగా తొట్లో చల్లుతున్నారు. అందులో లార్వా పట్టుకోగల పలుకు కొంతే, మిగతాది పిండి. ఆ పిండి నీళ్లను మసక చేస్తుంది, గుడ్డు ప్రొటీన్ గాలికి నురగ కడుతుంది. నురగ వస్తోందని గాలి కట్టేస్తారు. గాలి లేక పలుకు ఐదు నిమిషాల్లో అడుక్కి చేరుతుంది. లార్వా పైన ఆకలితో ఈదుతూ ఉంటుంది. అది పెరగట్లేదని మర్నాడు కస్టర్డ్ ఇంకాస్త పెంచుతారు, అమ్మోనియా పెరుగుతుంది. మొదటి నాలుగైదు రోజుల్లో కస్టర్డ్ నామమాత్రం, తిండంతా ఆర్టీమియాదే, అందుకే ఐదో స్టేజ్ దాకా ఈ సమస్య బయటపడలేదు. కస్టర్డ్ మీదకు మళ్లిన చోటే బండి ఆగింది.

మరి రాత్రి ఆర్టీమియా వేస్తున్నారు కదా, దాంతోనైనా పెరగాలి కదా అని యజమాని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆర్టీమియా గదిలో లెక్క చూస్తే సిస్టులు (డబ్బాల్లో వచ్చే ఆర్టీమియా ఎండు గుడ్లు) ఉదయం ఆరింటికి నీళ్లలో వేసి, మర్నాడు ఆరింటికి నాప్లీ (పొదిగిన పిల్లలు) తీస్తున్నారు. లీటరుకు 2 గ్రాముల సిస్టులు, దాదాపు 28 పీపీటీ ఉప్పునీరు, పైన లైటు, అంతా పద్ధతి ప్రకారమే. తీసిన నాప్లీని ఒక డ్రమ్ములో గాలి పెట్టి ఉంచుతున్నారు. తొట్లో వేసేది సాయంత్రం ఆరున్నరకు. ఆ మధ్యలో పన్నెండు గంటలు, ఎండాకాలం, రేకుల షెడ్డు, డ్రమ్ములో నీళ్లు 32 డిగ్రీలు.

అప్పుడే పొదిగిన ఆర్టీమియా నాప్లీ ఒళ్లంతా పచ్చసొనతో నారింజ రంగులో, మెల్లగా కదులుతూ ఉంటుంది. దాని నోరు ఇంకా పనిచేయదు, సొన మీదే బతుకుతుంది. 28 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటల్లో అది కుబుసం విడిచి రెండో దశకు వెళ్తుంది. అప్పుడు రంగు వెలిసి పారదర్శకంగా అవుతుంది, జోరుగా ఈదుతుంది. ఆహారం లేకుండా ఒక రోజు ఉంచితే ఒంట్లోని శక్తిలో దాదాపు నాలుగో వంతు ఖర్చయిపోతుంది. సాయంత్రం డ్రమ్ములోంచి ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే అన్నీ వెలిసిపోయి, గిరగిరా తిరుగుతున్నాయి. సిస్టుల డబ్బా ఖరీదు అదే, రొయ్య పిల్లకు అందేది మాత్రం తక్కువ. పైగా ఈ జోరు నాప్లీని తగిలినప్పుడే పట్టుకోవాల్సిన లార్వా జారవిడుస్తుంది. తెల్లారి తొట్లో లెక్కపెడితే మిల్లీలీటరుకు నాలుగైదు నాప్లీ మిగిలే ఉన్నాయి. కుర్రాడి దృష్టిలో అది పుష్కలంగా మేత. నా లెక్కలో మిల్లీలీటరుకు ఒకటి మిగిలితే చాలు. అంతకు మించి మిగిలితే రాత్రంతా లార్వా తినలేదని అర్థం.

ఇక్కడ కాస్త పక్కకు పోతాను. యూరప్, అమెరికాల్లో లాబ్‌స్టర్ హేచరీల వాళ్లకూ ఇదే సమస్య ఉంది, ఇంకా ఘోరంగా. పెద్ద గోళ్ల లాబ్‌స్టర్ లార్వా మూడు స్టేజ్‌లు నీళ్లలో తేలుతూ గడిపి నాలుగో దానికి అడుగు చేరుతుంది. ఈ లోపల దానికి మేత అందకపోతే పక్కదాన్నే తింటుంది. అందుకే వాళ్లు గుండ్రటి క్రైసెల్ తొట్లు వాడతారు. నీళ్లు అడుగు నుంచి పైకి లేచి, అంచుల వెంబడి తిరిగి కిందికి దిగుతాయి. మేత, లార్వా రెండూ ఎప్పుడూ కదలికలోనే ఉంటాయి, గుంపు కట్టవు. మన సముద్రంలో దొరికే ముళ్ల లాబ్‌స్టర్ల సంగతైతే చెప్పక్కర్లేదు. వాటి ఫిల్లోసోమా లార్వా ఆకులా పల్చగా, సాలెపురుగు కాళ్లతో నెలల తరబడి తేలుతుంది. జపాన్ వాళ్లు దాన్ని చివరిదాకా పెంచగలిగింది 1980ల చివర్లో గానీ కాదు. వాళ్లతో పోలిస్తే నెల రోజుల్లో తేలిపోయే నీలకంఠం మనకు వరమే. అయినా సూత్రం మాత్రం ఒకటే, మేత లార్వా దగ్గరికి రావాలి.

చదును తొట్లను పగలగొట్టి గుండ్రటివి కట్టమని ఎవరూ చెప్పలేరు. గాలి పైపులను మార్చాం. తొట్టి నడుమ ఒకే వరసలో ఉన్న, గాలి బుడగలు వదిలే స్టోన్లను తీసేసి, అడుగుకు దగ్గరగా, పొడుగు గోడ వెంబడి ఒకవైపే వరసగా దించాం. అప్పుడు నీళ్లు ఆ గోడ దగ్గర పైకి లేచి, తొట్టి మీదుగా అడ్డంగా వెళ్లి, ఎదురు గోడ దగ్గర దిగి, అడుగు వెంబడి వెనక్కి వస్తాయి. నాలుగు మూలలకూ సిమెంటుతో వాలు తీయించాం. కస్టర్డ్ పలుకులు వేసి చూస్తే అరగంట దాటినా తిరుగుతూనే ఉన్నాయి. గాలి మరీ ఎక్కువైతే చిన్న లార్వా ఒళ్లు నలుగుతుంది కాబట్టి మొదటి వారం మెల్లగా, తర్వాత పెంచుతూ పోవాలి. మేత వేళ వాల్వు ముట్టుకోకూడదన్నది ఒక్కటే కఠినమైన నియమం. ఆ వాల్వు పిడికి గుడ్డపీలిక కట్టించాను.

కస్టర్డ్‌కు రెండు జల్లెడలు. పైన పెద్ద కన్ను, కింద చిన్న కన్ను. ముద్దను పై జల్లెడ మీద నీళ్ల ధారతో రుద్దుతూ, కింది జల్లెడ మీద నిలిచినదాన్ని మళ్లీ మళ్లీ కడగాలి. కిందికి కారే నీళ్లు తేటగా వచ్చేదాకా. కింది జల్లెడ మీద మిగిలిందే మేత, బకెట్లోకి దిగిన తెల్లనీళ్లు కాలవకు. ఇక్కడే యజమానితో కాస్త వాదన జరిగింది. "ఇంత గుడ్డు కాలవ పాలు చేయమంటారా?" అన్నారాయన. ఆ గుడ్డు ఇంతకుముందూ పిల్ల కడుపులోకి పోలేదు, తొట్లో కుళ్లి సైఫన్ గొట్టంలోంచి కాలవకే పోయింది, ఇప్పుడు తొట్టిని పాడుచేయకుండా పోతుంది, అంతే తేడా అన్నాను. ఆయన మొహం చూస్తే పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు. ఐదో స్టేజ్ వరకు 300 మైక్రాన్ల (0.3 మిల్లీమీటరు) దగ్గర, తర్వాత 500, చివరి స్టేజ్‌లకు మిల్లీమీటరు దాకా పలుకు పెంచుతూ పోయాం. లార్వా తన తలంత పలుకును పట్టుకుని, పట్టుకునే ఈదుతూ తింటుంది. అద్దం గ్లాసులో చూస్తే ఒక్కో పిల్ల ఒక్కో పసుపు ముక్కను మోసుకుంటూ తిరుగుతుంటుంది, ఆ దృశ్యం కనబడిన రోజు నాకు మిగతా అంకెలతో పెద్దగా పని ఉండదు.

ఎంత వేయాలన్నదానికి పట్టిక ఇవ్వలేదు. పగలు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా, ఒకసారి వేసిన పావుగంటకు గ్లాసులో పట్టి చూసి, ప్రతి లార్వా చేతిలో పలుకు ఉంటే ఆపేయడం. లేకపోతే ఇంకాస్త. రాత్రికి ఆర్టీమియా.

ఆర్టీమియాకు చేసిన మార్పు చిన్నదే. సిస్టులు వేసే టైమును సాయంత్రానికి మార్చాం, దాంతో తీసే వేళ మర్నాడు సాయంత్రం ఐదున్నర అయింది. తీసిన గంటలోపు తొట్లో పడాలి. అర్ధరాత్రి వేయాల్సిన రెండో వంతును ఐసు పెట్టె పక్కన కాదు, ఐసు మధ్యలో పెట్టి, 10 డిగ్రీల లోపు ఉంచి, సన్నగా గాలి ఇస్తే దశ మారకుండా నారింజ రంగులోనే ఉంటుంది. తీసేటప్పుడు గాలి ఆపి పది నిమిషాలు ఆగితే ఖాళీ గుడ్డు చిప్పలు పైకి తేలతాయి, పొదగని సిస్టులు అట్టడుగుకు దిగుతాయి, కింద లైటు పెడితే నాప్లీ నడుమ నుంచి దానివైపు వస్తాయి. సిస్టులతో వచ్చే మొదటి జారు వదిలేసి, నాప్లీ పట్టి, చివర చిప్పలు రాకముందే కట్టేయాలి. ఇది వాళ్లకు తెలిసిన పనే, తొందరలో మానేశారు. చిప్పలు తిన్న లార్వా పేగులో అవి అలాగే కనబడ్డాయి.

మూడో బ్యాచ్‌ను వదులుకోమని చెప్పాను. యజమాని వదులుకోలేదు, మిగిలినవాటిని రెండు తొట్లలోకి కలిపి కొనసాగించారు. వారంలో వాటిలో సగం ఎనిమిదో స్టేజ్ దాటాయి కాబట్టి ఆయన పట్టుదల నాకు మేలే చేసింది, కారణం ఆకలేనని అక్కడే రుజువైంది. అయితే వెనకబడ్డవి వెనకే ఉండిపోయాయి. ముందు పీఎల్ అయినవి వెనకున్న లార్వాను తినేశాయి. చేతికొచ్చిన సీడ్ కొద్దిదే.

నాలుగో బ్యాచ్ కొత్త పద్ధతిలో మొదటి రోజు నుంచీ నడిచింది. పద్నాలుగో రోజు ఇండెక్స్ ఆరు తొట్ల సగటు 7.3. అమ్మోనియా 0.5 దాటలేదు. ఇరవై రెండో రోజున మొదటి పీఎల్‌లు కనబడ్డాయి. ముక్కు పైనా కిందా పళ్లొచ్చి, వెల్లకిలా ఈత మానేసి, మామూలు రొయ్యలా ముందుకు నడుస్తూ గోడకు అతుక్కున్నాయి. ముప్ఫయ్యో రోజు నాటికి ఎక్కువ తొట్లలో ఎనభై అయిదు శాతం మారాయి. బతికింది తొట్టిని బట్టి 28 నుంచి 47 శాతం. ఆ 28 వచ్చిన తొట్టి షెడ్డు చివర, పారదర్శక రేకు కింద ఉన్నది. పగలంతా ఎండ ఒక మూలనే పడి లార్వా అక్కడ ముద్దలా గుమిగూడేది. నల్ల షీటు కప్పించడం ఆలస్యమైంది. ఆర్టీమియా డబ్బాల వాడకం ముందటి బ్యాచ్‌లకంటే దాదాపు మూడో వంతు తగ్గింది, యజమాని ఫోన్ చేసి మరీ చెప్పిన సంగతి అదే. కాలవపాలైన గుడ్ల ఊసెత్తలేదు.

పీఎల్‌లను సగం రోజులో మెల్లగా మంచినీటికి అలవాటు చేసి, పీసీఆర్ పరీక్షలో తోక తెల్లబడే వైరస్ లేదని తేలాకే పంపారు.

ఇంకా తేలని చిక్కు ఒకటుంది. చివరి స్టేజ్ నుంచి పీఎల్‌కు మారేటప్పుడు కొన్ని తొట్లలో కొంతమేర లార్వా పాత కుబుసంలోంచి బయటికి రాలేక, తలో కాలో ఇరుక్కుని చచ్చిపోయాయి. సైఫన్‌లో వచ్చినవాటిని పళ్లెంలో వేస్తే కొన్నింటి కళ్ల మీద పాత కుబుసం టోపీలా అలాగే ఉంది. దీన్ని కుబుసం చిక్కు రోగం అంటారు. ఇది సూక్ష్మజీవి పని అనే కంటే తిండిలో లోటు, ముఖ్యంగా కొవ్వు ఆమ్లాలు, లెసితిన్ అనే కొవ్వు పదార్థం చాలకపోవడం అని అనుమానించే ఆధారాలే ఎక్కువ. మనం కొనే సిస్టుల్లో చాలావరకు అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్‌వి. డబ్బా డబ్బాకు వాటిలోని ఈపీఏ అనే కొవ్వు ఆమ్లం మారుతుంది, కొన్నింట్లో బాగా తక్కువ. కాబట్టి వచ్చే బ్యాచ్‌లో తొమ్మిదో స్టేజ్ నుంచి మూడు తొట్లకు కస్టర్డ్‌లో సోయా లెసితిన్ కలిపి, ఆర్టీమియాను నోరు తెరిచే దశ దాకా పెంచి నూనె ఎమల్షన్ పట్టించి వేస్తారు. అక్కడ మాత్రం నాప్లీ ముదరాల్సిందే, ఎందుకంటే అప్పటికి లార్వా పెద్దది, జోరు నాప్లీనీ పట్టుకోగలదు, ముదిరిన నాప్లీ కడుపులో ఈసారి నూనె ఉంటుంది. మిగతా మూడు తొట్లకు ఇప్పటి మేతే. ఆరు తొట్లకూ ఒకే చెరువు తల్లుల పిల్లలు, ఒకే లాటు సిస్టులు వాడమని రాసిచ్చాను. అవి కూడా మారితే తేడా మేతదో, తల్లిదో, డబ్బాదో చెప్పలేం.